చిలకలపూడి గీటురాయి

బందరు పెండ్లివిందులో పంక్తిని కూర్చున్న ఇల్లాలి చేతి గాజులను ప్రక్కనున్న బంధువురాలు మెచ్చుకొన్నప్పుడు, ఆమె ఇంచుకైనను జంకక, "బంగారం కాదొదినా, చిలకలపూడివి" అని చెప్పును. ఆ మాటలో సిగ్గు లేదు. నగను చిన్నబుచ్చుటయు లేదు. రాగిమీదనో ఇత్తడిమీదనో పలుచని బంగారుపొరను పట్టించి, తీగలు లాగి, అచ్చులు వేసి, పూసలు గ్రుచ్చి, మెరుగు పెట్టి, కంసాలి చేసిన నగకు దీటైన సొంపును కూర్చు ఆ పనికి చిలకలపూడియు, ఆ తరువాత పోతేపల్లి జ్యువెలరీ పార్కును నెలవులైనవి. ఊరిపేరే సరకుపేరైనందున, అడిగిన మరుక్షణముననే ఆ నకలు తానెవ్వరో చెప్పివేయును. పాతకార్ల సంఘములవారు అసలుబండి, నకలుబండి అని దశాబ్దములుగా పడుచున్న తర్జనభర్జనను తలచుకొన్నప్పుడెల్ల నాకా ఇల్లాలి మాటయే స్ఫురించును.

ఆ సంఘములవారి పట్టుదలను ఛాదస్తమని కొట్టివేయుట న్యాయము కాదు. 1930లో ఇంగ్లండున వెటరన్ కార్ క్లబ్బు పుట్టినది మొదలు వాహనపు వయస్సును నిర్ణయించుట వారి ముఖ్యకార్యములలో ఒకటియైనది. ఏటేట లండను నుండి బ్రైటను వరకు సాగు పరుగున 1905కు పూర్వము నిర్మింపబడిన బండ్లకే ప్రవేశము గనుక, ఒక్క సంవత్సరపు తేడాతో బండి లోపలిదో వెలుపలిదో అగును. అందుచేత ఛాసిస్‌మీద కొట్టిన సంఖ్య, ఇంజనుమీది సంఖ్య, కర్మాగారపు చిట్టా, తొలి యజమాని వ్రాసిన ఉత్తరములు, రంగువెలసిన ఛాయాచిత్రములు, ఇవన్నియు కలిసి ఆ బండికి జాతకమై నిలుచును. మన దేశమున 1964లో స్టేట్స్‌మన్ పత్రిక ఢిల్లీలో పాతకార్ల ర్యాలీని ప్రారంభించి ఈ అభిరుచికి వేదికను కల్పించినది. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, ఏబదియేండ్లు దాటి, ఛాసిస్‌లోను, బాడీలోను, ఇంజనులోను చెప్పుకోదగిన మార్పులు పొందక, మొదటి రూపముననే ఉన్న బండి మాత్రమే వింటేజి వాహనమై, నంబరు పలకమీద "వీఏ" అను అక్షరములను ధరించును. అది బాడుగకు తిరుగరాదు; ప్రదర్శనకును, ర్యాలీకిని, పెట్రోలునకును, మరమ్మతునకును మాత్రము రోడ్డెక్కవచ్చును.

ఇంతవరకు సుగమమే. "మొదటి రూపము" అనగానేమి అని ప్రశ్నించినప్పుడే చిక్కు మొదలగును. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిలిచియున్న నిజాముల పసుపుపచ్చని 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టును చూడుడు: చట్రమును, ఇంజనును రోల్స్‌రాయిస్ వారివి, మీది సింహాసనమువంటి తొడుగు బార్కరు అను వేరొక కంపెనీవారిది. ఆ కాలమున గొప్పవారి కార్లనేకము లిట్లు ఇద్దరు తల్లుల బిడ్డలే. అట్టి బండికి తొడుగు చెడిపోయి మరియొకటి వేసినచో అది అసలుదగునా, నకలగునా? ఒక్క మాటలో తేలునది కాదు.

రాజప్రాసాదముల మాట అటుండనిండు. నాగాయలంక, కోడూరు ప్రాంతములందు సముద్రపు ఉప్పుగాలి ఇనుమును ఎంతగా తినివేయునో ఆ సీమవారికి వేరుగ చెప్పనక్కరలేదు. పెరటి కొట్టములో తాటాకు నీడను ఏండ్లకొలది నిలిచిన అంబాసిడరును గాని, స్టాండర్డు హెరాల్డును గాని వెలికి తీసినచో, పైరంగు కొంత మిగిలినను అడుగురేకు అప్పడమువలె పిండియగును. టింకరింగు చేయువాడు తుప్పును గీకి, చచ్చిన రేకును కోసి, క్రొత్తరేకును సుత్తిదెబ్బలతో పాతవంపునకు తెచ్చి, గ్యాసుతో అతికి, పైన పుట్టీ పట్టించి, వాటరుపేపరుతో రుద్ది, ఆపైన రంగు కొట్టును. రేకునే వంపునకు తేగల చేయి గలవానికి పుట్టీతో పని తక్కువ; చేయి తిరుగనివాడు రేకు లోపమును పుట్టీక్రింద కప్పిపుచ్చును. ఈ రహస్యమెరిగినవారు పాతకారును కొనబోవునప్పుడు జేబులో చిన్న అయస్కాంతమును ఉంచుకొందురు. రంగు ఎంత అద్దమువలె మెరసినను, పుట్టీ దట్టముగ ఉన్నచోట అయస్కాంతము అంటుకొనదు. బంగారమునకు గీటురాయి యెట్టిదో పాతకారునకు అయస్కాంతము అట్టిది. అయినను అది రేకును, పుట్టీని మాత్రమే వేరుపరచును గాని, ఎంత క్రొత్తరేకు పడినచో బండి తన అసలుతనమును కోల్పోవునో చెప్పజాలదు.

ఈ ప్రశ్న 1990లో లండను హైకోర్టు ముందుకు వచ్చినది. 1929, 1930 సంవత్సరములలో లెమాన్స్ పందెమును వరుసగా గెలిచిన "ఓల్డ్ నంబర్ వన్" అను బెంట్లీకారును కోటి పౌండ్లకు బేరమాడినవారు, అందులో నాటి భాగములు బహుస్వల్పమని తెలిసి, అది అసలుబండి కాదు పొమ్మని వెనుదీసిరి. న్యాయమూర్తి అమ్మకందారు పక్షమున తీర్పు చెప్పెను. ఆ బండి ఏనాడును ముక్కలై చెదరిపోలేదు. ఒక భాగము పోగా వేరొకటి వచ్చి చేరుచు, మధ్యలో తెగక సాగిన జీవితము దానికి కలదు. కావున ఆ పేరు దానిదే యని ఆ తీర్పు సారాంశము. నాకీ తీర్పు మిక్కిలి నచ్చినది, ఏలననగా మన దేవాలయముల రథములకు మనము తెలియకయే అనుసరించుచున్న ధర్మమిదియే. గోదావరి కడలిని కలియు అంతర్వేదిలో ఆరుదశాబ్దముల నాటి లక్ష్మీనరసింహస్వామి రథము 2020 సెప్టెంబరులో అగ్నికాహుతి కాగా, 2021లో నూతనరథము సిద్ధమైనది. దానిని నకలనిన భక్తుని నేనెరుగను. ఆ దేవుడే, ఆ ఉత్సవమే, ఆ వీధియే. అయితే పాత రథము కాలిపోయినదని ఊరంతయు ఎరుగును. క్రొత్తది పాతదేనని నమ్మబలికినవాడును లేడు. నేను చెప్పదలచినదంతయు ఈ రెండవ మాటలోనే ఇమిడియున్నది.

పాతవాహనముల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన టురిన్ నియమావళిలో నా మనస్సునకు హత్తుకొన్న విషయమొకటి కలదు. క్రొత్తభాగమును అమర్చవలసి వచ్చినప్పుడు, చూపరుల కంటికి ఇంపు చెడకుండ, కాని వెదకినవానికి తప్పక దొరకునట్లు, చెరగని చిన్న గురుతును దానిపై ఉంచవలెనని అందు సూచింపబడినది. క్రొత్తదానివలె మెరయునట్లు బండినంతటిని ఒలిచివేయుటకంటె, ఉన్నదానిని ఉన్నట్లు నిలుపుటకే ఆ నియమావళి మొగ్గు చూపును. చేతులు రాపాడి నునుపెక్కిన స్టీరింగును, ఎండకు బీటలువారిన తోలుసీటును తీసిపారవేసి ధగధగలాడు సామగ్రిని తొడిగిన యజమాని, తన బండి గడిపిన జీవితమును తానే చెరిపివేసికొన్నవాడగును. మనవారిలో పలువురు చేయుచున్న పొరపాటు, అదియు ప్రేమతోనే చేయుచున్న పొరపాటు, ఇదియే.

ఇక నకలుబండ్ల సంగతి. 1962 మొదలు 1967 వరకు ఇంగ్లండు శరీరమును, అమెరికా ఇంజనును జతపరచి తీర్చిన కోబ్రాకారులు సుమారు 1,000 మాత్రమే. తరువాత ఫైబర్‌గ్లాసు తొడుగుతో ఇతరులు పోసిన కోబ్రాలు అంతకు ఎన్నోరెట్లు. అసలుకారు గలవాడు వీనిని చూచి ముఖము ముడుచుకొనుట సహజమే. కాని ఆ అసలును కొనగలవారు ఎందరు? తన చేతులతో చట్రమును అతికి, ఇంజనును దించి, రెండేండ్ల ఆదివారములను ధారపోసి ఆ రూపమును సాధించుకొన్న సామాన్యుని ఆనందము అబద్ధము కాదు. మరి కంపెనీయే నకలు చేసినచో? 1963లో జాగ్వార్ వారు తేలిక ఈటైపు కార్లకై పదునెనిమిది ఛాసిస్ సంఖ్యలు కేటాయించి, పండ్రెండింటిని మాత్రమే చేసిరి. అర్ధశతాబ్ది గడచిన పిమ్మట 2014లో మిగిలిన ఆరు సంఖ్యలకును కార్లు కట్ట నారంభించిరి. చేసినవాడు అసలువాడే, సంఖ్యయు అసలుదే, కాలము మాత్రము కాదు. దీనికి నా మనస్సున ఒక్కటే షరతు: నిర్మాణసంవత్సరము 2014 అని వ్రాయవలెను. అట్లు వ్రాసినచో నమస్కరింతును. 1963 అని వ్రాసినచో, తయారీదారు ఎంతటివాడైనను, దానిని దొంగసరకు అందును.

షరతు విషయమున నేనింత కఠినముగ మాటలాడుటకు కారణము మా ఊరి అద్దకమే. పదునేడవ శతాబ్దమున బందరురేవు నుండి పోయిన రంగురంగుల అద్దకపు బట్ట ఐరోపాను ఎంత మోహపెట్టినదనగా, ఫ్రాన్సు ప్రభుత్వము అచ్చుబట్టలను 1686 నుండి 1759 వరకు నిషేధించినది. ఇంగ్లండును అట్టి చట్టములనే చేసినది. ఆ నిషేధపు నీడలోనే అక్కడివారు మనబట్టకు నకళ్లు తీయ నేర్చిరి. నేడు పెడనలో కరక్కాయ, పాలు కలిపిన నీట బట్టను ముంచి, ఇనుపతుక్కు, బెల్లము నానవేసిన నలుపును చెక్క అచ్చుతో అద్ది, పటికపట్టు వేసి, పారునీట ఉతికి, రంగుకాగులో ఉడికించి, దినములతరబడి శ్రమించువాడు, యంత్రముమీద గంటలో అచ్చయిన బట్ట తన బట్టపేరుతోనే అంగడిలో వ్రేలాడుట చూచుచున్నాడు. యంత్రపుబట్ట చెడ్డదని నేననను. పేదయింటి ఆడపడుచు ఒంటిమీద అదియు అందమే. కాని "కలంకారి" అను పేరు ఆ బట్టది కాదు. కష్టపడి బట్టకు గుణమును తెచ్చినవాని నోటికూడు ఆ పేరుతోపాటు పోవుచున్నది. అసలుకారు యజమానికి కలుగు నష్టము ధనవంతుని నష్టము కావచ్చును గాని, దాని స్వభావమిదియే.

తనకొక పేరు పెట్టుకొన్న నకలు ఎంతదూరము పోగలదో మన రోడ్లే చెప్పును. మారిస్ ఆక్స్‌ఫర్డు అచ్చులనుండి వచ్చిన కారు ఉత్తరపారలో అంబాసిడరు అను స్వంతపేరు ధరించి, 2014 వరకు నడచి, గుడివాడ సంతనుండి సచివాలయము వరకు మన బ్రతుకులో భాగమైనది. నేడు మన పాతకార్ల ప్రేమికులు ఆరాధనతో తుడిచి నిలుపుచున్నది ఆ బండినే. 1955లో మద్రాసున బిగింపు మొదలైన బుల్లెట్టు, ఇంగ్లండులోని కన్నతల్లివంటి కర్మాగారము మూతపడిన తరువాతను ఇక్కడ బ్రతికి, తానే మూలమై కూర్చున్నది.

కావున పాతకార్ల ప్రదర్శనములు జరుపు పెద్దలకు నా విన్నపము: నకలుబండ్లను గేటువద్దనే త్రిప్పిపంపకుడు. వానికొక వరుసను కేటాయించి, ప్రతిబండి ముందును చేసినవాని పేరు, చేసిన సంవత్సరము, దేనిని చూచి చేసినది, ఎక్కడెక్కడ మూలమును విడిచినది స్ఫుటమైన తెలుగక్షరములతో వ్రాసిన పలక నిలుపుడు. సుత్తితో రేకును వంచిన టింకరింగు మేస్త్రి పేరును ఆ పలకమీద యజమాని పేరునకు పైనే ఉండవలెను. అట్టి వరుస ఏర్పడిననాడు, మా చిలకలపూడి పనివారిని ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకొని, నేను ముందుగా అచటికే వత్తును.