విన్న మాట, సాక్ష్యం కాని మాట: ఐర్లండ్ తల్లీబిడ్డల సదనాల విచారణ ఉత్తర్వు – విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం:
విచారణ కమిషన్‌ను ఏర్పరచే ప్రభుత్వ ఉత్తర్వు సాధారణంగా న్యాయశాస్త్ర పరిశీలనకే పరిమితమవుతుంది. కానీ అది ఒక పాఠం కూడా. ఎవరు మాట్లాడాలి, ఏ రూపంలో మాట్లాడాలి, ఆ మాటకు ఎంత విలువ కట్టాలి అనే విషయాలను అది ముందే నిర్ణయిస్తుంది. ఐర్లండ్‌లో అవివాహిత మాతలను ఉంచిన సదనాలపై 2015లో వెలువడిన ఉత్తర్వును, 2021 నాటి తుది నివేదికను ఈ దృష్టితో చదివి, నివేదికలోని ప్రధాన లోపానికి బీజం ఉత్తర్వులోనే ఉందని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

నేపథ్యం:
గాల్వే కౌంటీలోని ట్యూమ్ పట్టణంలో బాన్ సెకూర్ సన్యాసినులు 1925 నుంచి 1961 వరకు ఒక సదనాన్ని నిర్వహించారు. అక్కడ మరణించిన 796 మంది పిల్లల మరణ ధ్రువపత్రాలను స్థానిక చరిత్ర పరిశోధకురాలు కేథరిన్ కార్లెస్ సేకరించారు. 2014లో ఈ సంగతి దేశాంతర పత్రికల కెక్కడంతో ప్రభుత్వం కదిలింది. 2015 ఫిబ్రవరిలో న్యాయమూర్తి యివాన్ మర్ఫీ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల కమిషన్ ఏర్పడింది. 1922–1998 మధ్య కాలానికి సంబంధించి 14 సదనాలు, 4 కౌంటీ హోములు దాని పరిధిలోకి వచ్చాయి. వీటిలో సుమారు 56,000 మంది తల్లులు, 57,000 మంది పిల్లలు గడిపారనీ, దాదాపు 9,000 మంది పిల్లలు మరణించారనీ తుది నివేదిక తేల్చింది.

ఉత్తర్వులోని ద్వంద్వ విభజన:
ఈ ఉత్తర్వు మాటను రెండు పాయలుగా చీల్చింది. మొదటిది ప్రమాణపూర్వక సాక్ష్యం. రెండవది గోప్య కమిటీ ఎదుట వీలైనంత అనధికార రీతిలో చెప్పుకొనే అనుభవ కథనం. గోప్య కమిటీ సాధారణ స్వభావం గల నివేదిక రూపొందించాలి. కమిషన్ తనకు ఉచితమని తోచిన మేరకే దానిపై ఆధారపడవచ్చు. దశాబ్దాల పాటు రహస్యాన్ని మోసిన స్త్రీలకు ఈ ఏర్పాటు రక్షణ కల్పించిందనడంలో సందేహం లేదు. ప్రమాణం, ప్రతిప్రశ్న లేని కథనం ఆధారంగా ఒక వ్యక్తిని దోషిగా పేర్కొనరాదన్న వాదమూ సహేతుకమే.

చిక్కు ఆ తర్వాతి మెట్టులో ఉంది. గోప్య కమిటీ 550 మంది మాట విన్నది. కమిటీ నివేదికలో ఆ జీవితాలు ప్రవేశం, ప్రసవం, నిష్క్రమణ వంటి శీర్షికల కింద ముక్కలయ్యాయి. ఆద్యంతాలున్న ఒక స్త్రీ కథ పేరులేని సాక్షి చెప్పిన రెండు మూడు వాక్యాలుగా మిగిలింది. సాక్షుల నిజాయితీని శంకించకుండానే, పరస్పర సమావేశాలూ పత్రికా కథనాలూ కొందరి జ్ఞాపకాలను ప్రభావితం చేసి ఉండవచ్చని కమిషన్ వ్యాఖ్యానించింది. మరోవైపు, బలవంతపు దత్తతలకు ఆధారాలు స్వల్పమని నిర్ధారించింది. కథనాన్ని ముందుగా ఆధారాల వరుస నుంచి తప్పించి, తర్వాత ఆధారం తక్కువని చెప్పడం తర్కంలో చక్రక దోషం. దోషిని పేర్కొనడానికి చాలని మాట, ఒక పద్ధతి కొనసాగిందని గుర్తించడానికి చాలుతుంది. ఈ భేదాన్ని ఉత్తర్వు గుర్తించలేదు.

కథన స్వరం – తెలుగు అనుభవం:
స్త్రీల మౌఖిక కథనాన్ని చరిత్రగా స్వీకరించడం తెలుగు పరిశోధనకు కొత్త కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జీవిత కథనాలను వారి మాటల్లోనే నిలిపింది. అక్కడ కథనం చరిత్రకు అనుబంధం కాదు, చరిత్రే. ఒక ప్రచురణకూ శాసనబద్ధ విచారణకూ బాధ్యతలు వేరు. అయినా, చెప్పినామె స్వరం చెదరకుండా నమోదు చేయడం రెండింటికీ సమానమైన విధి. ఐరిష్ విచారణలో ఈ స్వరం అక్షరాలా చెరిగిపోయింది: గోప్య కమిటీ శబ్దముద్రణలను తొలగించారు. వివాదం చెలరేగాక, 2021లో వాటిని బ్యాకప్ ప్రతుల నుంచి తిరిగి రాబట్టవలసి వచ్చింది.

ముగింపు:
2021 జనవరి 13న ప్రధాని మీహాల్ మార్టిన్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అదే ఏడాది డిసెంబరులో, నివేదికలో గుర్తించదగిన రీతిలో ప్రస్తావితులైన బాధితులకు ముసాయిదాను ముందుగా చూపకపోవడం వారి చట్టబద్ధ హక్కుకు భంగమని హైకోర్టులో ప్రకటితమైంది. తమ కథ ఎలా రాయబడిందో చూసుకొనే హక్కు అది. నివేదికను సరిదిద్దడం కన్నా ఉత్తర్వును సరిగా రాయడమే ముఖ్యమని ఈ పరిణామం తెలుపుతుంది. మౌఖిక కథనానికి ఏ అంశంలో ఎంత ప్రామాణ్యమో, దాని మూలరూపం ఎక్కడ భద్రమో, చెప్పినవారికి దానిపై ఏ హక్కో ఉత్తర్వులోనే పేర్కొనాలి. లేనిపక్షంలో విచారణ మాటను వింటుంది గాని, లెక్కలోకి తీసుకోదు.