‘కణాల ఆత్మహత్య’ అనే మాట: ఉద్దానం నేపథ్యంలో ఒక పరిశీలన

కణం తనలోని యంత్రాంగంతోనే అంతరించే ప్రక్రియను తెలుగు విజ్ఞాన రచనల్లో ‘కణాల ఆత్మహత్య’ అనడం పరిపాటి. మాట ఆకట్టుకునేదే. అయితే కవిటి, సోంపేట మొదలు వజ్రపుకొత్తూరు దాకా మూత్రపిండ వ్యాధి ఇంటింటికీ తెలిసిన ఉద్దానంలో ఈ మాట విషయాన్ని విశదం చేయకపోగా మరుగుపరుస్తుంది.

1972లో కెర్, వైలీ, కరీ ‘అపోప్టోసిస్’ అనే పేరును ప్రతిపాదించారు. అబర్డీన్‌లోని గ్రీకు ఆచార్యుడు జేమ్స్ కార్మాక్ సూచించిన ఆ పదానికి ఆకులు, పూరేకులు రాలడం అని అర్థం. అందులో ఇచ్ఛా లేదు, హత్యా లేదు, క్రమం ఉంది. ఆకు రాలేముందు కాడ మొదట్లో ప్రత్యేకమైన పొర ఏర్పడుతుంది. ఆకులోని పోషకాలను చెట్టు చాలావరకు వెనక్కి తీసుకుంటుంది. కణంలోనూ ఇటువంటి క్రమమే కనిపిస్తుంది. మైటోకాండ్రియా నుంచి వెలువడిన సైటోక్రోమ్-సి, అపాఫ్-1తో కలిసి అపోప్టోజోమ్‌ను నిర్మిస్తుంది. దానివల్ల కాస్పేజ్-9, ఆపై కాస్పేజ్-3 క్రియాశీలమవుతాయి. కణం కుంచించుకుపోయి, పొర చెదరని తునకలుగా విడిపోతుంది. భక్షక కణాలు వాటిని తొలగిస్తాయి. శోథ దాదాపుగా రాదు. ఈ పనికి ఏటీపీ కావాలి. (1929లో ఫిస్కేతో కలిసి ఆ అణువును వెల్లడించినవాడు యెల్లాప్రగడ సుబ్బారావు.) ఏటీపీ అడుగంటితే కణం ఉబ్బి పగులుతుంది.

నియంత్రిత మరణాలన్నీ రాలడం వంటివి కావు. నెక్రోప్టోసిస్‌లో ఆర్‌ఐపీకే-3 ప్రేరణతో ఎంఎల్‌కేఎల్ అనే ప్రోటీన్ కణపొరను ఛేదిస్తుంది. లోపలి పదార్థం బయటపడి శోథను రేపుతుంది. 2012లో పేరు పొందిన ఫెరోప్టోసిస్‌కు ఇనుము, కొవ్వుల ఆక్సీకరణ మూలం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి తోటలను నేలకూల్చడం చూసిన ఉద్దానం పాఠకుడికి, ఆకు రాలడానికీ చెట్టు విరగడానికీ గల తేడాను ఎవరూ వివరించనక్కరలేదు. ‘ఆత్మహత్య’ అనే ఒక్క మాట ఆ తేడాను చెరిపేస్తుంది.

ఇది కేవలం పదాల తగవు కాదు. ఉద్దానం వ్యాధిలో ప్రధానంగా దెబ్బతినేవి మూత్రనాళికలు, వాటి నడుమనున్న కణజాలం. మూలకారణంపై వివాదం తీరలేదు. నాళికా కణం ఏ మార్గంలో నశిస్తున్నదన్న ప్రశ్నకు చికిత్సతో నేరుగా సంబంధం ఉంది. కాస్పేజ్ నిరోధకాలు ఫెరోప్టోసిస్‌ను ఆపలేవు. పైగా కాస్పేజ్-8ను అడ్డుకుంటే నెక్రోప్టోసిస్‌కు దారి తెరుచుకోవచ్చు. మరో చిక్కూ ఉంది. ‘ఆత్మహత్య’ అన్నప్పుడు కర్త కణమే అవుతుంది. నీరు, ఎండ, విషపదార్థాలు వంటి బయటి కారణాల కోసం దశాబ్దాలుగా వెతుకుతున్న చోట, ఆ వ్యాకరణం చూపును తప్పుదారి పట్టిస్తుంది.

ఈ జిల్లాలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి, జనం నోటి మాటకు గ్రంథాల్లో చోటు కావాలని వాదించాడు. ఆ దృష్టితో చూస్తే అపోప్టోసిస్‌కు ‘కణం రాలడం’ సరిపోతుంది. ‘ప్రణాళికాబద్ధ కణమరణం’ అనే దీర్ఘ సమాసం కన్నా మూలార్థానికి దగ్గరగానూ ఉంటుంది. పిండదశలో వేళ్ల మధ్య కణాలు తొలగి వేళ్లు విడివడే సందర్భానికీ అది అతుకుతుంది. నెక్రోప్టోసిస్, ఫెరోప్టోసిస్‌లను మాత్రం ప్రస్తుతానికి అవే పేర్లతో ఉంచడం మేలు.