పత్రికావాదమున మధ్యస్థుఁ డెవఁడు?

1874వ సంవత్సరము అక్టోబరు నెలలో కందుకూరి వీరేశలింగముపంతులు ఆరంభించిన 'వివేకవర్ధని'ని గూర్చి వ్రాయువారు సాధారణముగా రెండు మాటలతోఁ దృప్తినొందుచున్నారు. అది సంఘసంస్కారమునకుఁ దోడ్పడినదని యొకటి, తెలుఁగు వచనమును సులభపఱచినదని రెండవది. రెండును సత్యములే. కాని యీ రెంటికిని మూలమైన మార్పు వేఱొకటి కలదు. వాదమునకు మధ్యస్థుఁ డెవఁడను ప్రశ్నకుఁ బండితులు తరతరములుగాఁ జెప్పుచు వచ్చిన యుత్తరమును ఆ పత్రిక మార్చివైచినది. క్రొత్త యుత్తరము పాశ్చాత్య తత్త్వశాస్త్రమునుండి వచ్చినది.

వసిష్ఠయొడ్డునఁ గల దిండి మొదలుకొని గౌతమియొడ్డునఁ గల ముక్తేశ్వరము వఱకును కోనసీమలో శాస్త్రవాద మెట్లు నడచుచుండెనో పెద్ద లెఱుఁగుదురు. వివాహసభలలో వాక్యార్థము జరుగును. పూర్వపక్షి యొకఁడు, సిద్ధాంతి యొకఁడు, ఉభయులకును సమ్మతుఁడైన పండితుఁడు మధ్యస్థుఁడు. భాష సంస్కృతము. చుట్టును గూర్చున్నవారు వినవచ్చును గాని తీర్పు చెప్పరాదు. గోదావరిలోఁ బడవ నడపువాని యింటి ధర్మమే యచట నిర్ణయింపఁబడుచున్నను వాని కా వాదముతోఁ బ్రసక్తి లేదు.

ఇంగ్లాండునను మొదట నిట్లే యుండెను. అచ్చునకుఁ బూర్వము గ్రంథమును బరీక్షించి యనుజ్ఞ యిచ్చు నధికారి యుండవలెనని పార్లమెంటు 1643లో శాసింపఁగా, మఱుసటి సంవత్సరమే మిల్టను దాని నెదిరించి 'అరియోపజిటికా'ను బ్రకటించెను. సత్యాసత్యములు బహిరంగముగాఁ బెనఁగిన యెడల సత్యము కోడువడదని యాతని నమ్మకము. (ఆతఁ డీ స్వాతంత్ర్యమును రోమను మతమునకు మాత్ర మీయఁ గోరలేదు.) పుట్టుకతోనే మనస్సున నుండు జ్ఞానము లేదనియు, జ్ఞానమంతయు ననుభవజన్యమే యనియు లాకు వాదించెను. అట్లైనచో జన్మముచేతనే తీర్పరి కాఁదగినవాఁ డెవఁడును లేఁడు. అనుజ్ఞాశాసనమును దిరిగి పొడిగింపరాదని యాతఁడు వ్రాసియిచ్చెను. అది 1695లో నంతరించెను. 1711లో నారంభమైన 'స్పెక్టేటరు' పత్రికలో అడిసను తత్త్వవిచారమును గ్రంథాలయములనుండి కాఫీ గృహములకుఁ దెచ్చుటయే తన కోరికగాఁ జెప్పుకొనెను.

ఈ భావములు మనకు లాకుగ్రంథముల యాంధ్రీకరణములవలన రాలేదు. ఇంగ్లీషు పాఠశాలలవలనను, బ్రహ్మసమాజమువలనను వచ్చినవి. 1823లోఁ బత్రికాశాసనమును నిరసించి విన్నపము వ్రాసి, తన పారసీక పత్రికను నిలిపివేసిన రామమోహనరాయల మార్గమే వీరేశలింగముపంతులునకును దారి చూపినది. పత్రికకుఁ బెట్టిన పేరే యిందులకు సాక్షి. విచిర్ ధాతువునకుఁ బృథగ్భావ మర్థము. వేదాంతులు వివేక మన్నచో నిత్యానిత్యవస్తువులను వేఱుపఱచుట. అది సాధనచతుష్టయమున మొదటిది, ముముక్షువునకే చెల్లును. పంతులు వివేక మన్నచో మంచి యాచారమును జెడ్డ యాచారమును వేఱుపఱచుట. ఇది చదువ నేర్చిన ప్రతివానికిని జెల్లును. ధాత్వర్థము మాఱలేదు, కర్మ మాఱినది, కర్తయు మాఱెను.

ఈ మార్పులోని చిక్కు వితంతువివాహవాదమున బయటఁబడును. పరాశరస్మృతిలోని 'పతౌ' యను రూపముపై వైయాకరణులు చేసిన కలహము ప్రసిద్ధము. పతిశబ్దమునకు సమాసముననే ఘిసంజ్ఞ యని పాణిని నియమించుటచే, అసమాసమున సప్తమ్యేకవచనము 'పత్యౌ' కావలెను. కావున నది 'అపతౌ' యనియు, వాగ్దత్తుఁడే గాని పెండ్లాడిన భర్త కాఁడనియు నొక పక్షము. స్మృతులలో నట్టి యార్షప్రయోగములు కలవని రెండవ పక్షము. రెండవదియే బలవత్తరము; ఒక యకారలోపమును బట్టి స్త్రీల జీవితములను మూసివేయుట వ్యాకరణమునకు గౌరవము కాదు. కాని యష్టాధ్యాయి చదువని పాఠకుఁ డీ విషయమున నేమని తీర్పు చెప్పఁగలఁడు? వీరేశలింగముపంతులు శాస్త్రమును విడువక, దానిప్రక్కనే బాలవితంతువుల దుఃఖమును నిలిపెను. మొదటిదానికిఁ బండితుఁడు కావలెను. రెండవదానికిఁ గన్నులున్నఁ జాలును. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరుగుటకు ముందు ప్రజల యెదుట నడచిన వాద మీ రెండు కాళ్లమీఁదను నిలిచినది.

దోషమును గలదు. గౌతముఁడు కథను వాదము, జల్పము, వితండ యని మూఁడు విధములుగా విభజించెను. తత్త్వమును దెలియఁగోరుట వాదము, గెలువఁగోరుట జల్పము. మధ్యస్థుఁడు పండితుఁడైనచో జల్పమును గనిపెట్టును. మధ్యస్థుఁడు చందాదారుఁడైనచో నవ్వించినవానివైపు మొగ్గును. 'ఆంధ్రభాషాసంజీవని' నడపిన కొక్కొండ వేంకటరత్నముపంతులు 'హాస్యవర్ధని'ని వెలువరింప, వీరేశలింగముపంతులు 'హాస్యసంజీవని'ని వెలువరించెను. ఒకరి పత్రికలోని యుత్తరపదమును మఱొకరు దీసికొని పరిహాసమునకుఁ దగిలించిరి. సమాసములు చక్కనివే, వాదము మాత్రము జల్పమునకు దిగినది.

పాశ్చాత్యులు నేర్పినదానికి వారే హద్దు గీచిరి. భావస్వాతంత్ర్యమును గూర్చి 1859లో గ్రంథము ప్రకటించిన మిల్లు 1823 మొదలు 1858 వఱకు ఈస్టిండియా కంపెనీ కొలువున నుండెను. బాల్యావస్థలో నున్న సమాజములకుఁ దన సిద్ధాంతము వర్తింపదని మొదటి ప్రకరణముననే యాతఁడు వ్రాసెను. ఆ బాల్యము తీఱినదో లేదో తీర్పు చెప్పు మధ్యస్థుఁడు పాలకుఁడే యయ్యెను. 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలోని వ్యాసమునకై గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజద్రోహాపరాధమునఁ గారాగృహమున కంపఁబడెను.

ఇది చూపి, మన శాస్త్రమే విశాలమైనదని చెప్పువారు గలరు. ఆప్తవాక్యమును బ్రమాణముగాఁ జెప్పు గౌతమసూత్రమునకు భాష్యము వ్రాయుచు వాత్స్యాయనుఁడు, ఉన్నది యున్నట్లు కని, కన్నది కన్నట్లు చెప్పఁగోరువాఁడే యాప్తుఁడనియు, ఆ లక్షణము ఋషికిని ఆర్యునకును మ్లేచ్ఛునకును సమానమనియు నుడివినమాట నిజము. వార్త వ్రాయువానికి నింతకంటె నుత్తమమైన లక్షణమును మిల్లును జెప్పలేదు. కాని యా సమత్వము పలుకువానిని గూర్చినది, తీర్పు చెప్పువానిని గూర్చినది కాదు. రెండవదానిని దెలుఁగువారికి 'వివేకవర్ధని' తెచ్చినది.