యానిమేషన్ ధారావాహికలో సంగీతం, వాచికం: ‘స్టార్ ట్రెక్’ (1973-74) – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
చలనం తక్కువగా ఉండే యానిమేషన్‌లో పాత్రకు ప్రాణం పోసేది ధ్వని. అమెరికన్ వైజ్ఞానిక కల్పనా ధారావాహిక ‘స్టార్ ట్రెక్’ యానిమేషన్ రూపంలో సంగీతం, గాత్రనటనల విషయంలో పాటించిన పొదుపు కళపై చూపిన ప్రభావాన్ని ఈ వ్యాసం విశ్లేషిస్తుంది. సంగీతానికి చాలావరకు చెల్లిన పొదుపు గొంతుకు పూర్తిగా చెల్లలేదన్నది ఇందలి ప్రతిపాదన.

కీలకపదాలు: యానిమేషన్, వైజ్ఞానిక కల్పన, వాచికాభినయం, కాకువు, నేపథ్యసంగీతం.

1. ఉపోద్ఘాతం:
నటులతో చిత్రీకరించిన ‘స్టార్ ట్రెక్’ 1966-69 మధ్య ప్రసారమైంది. అది నిలిచిపోయిన నాలుగేళ్లకు ఫిల్మేషన్ సంస్థ దానిని యానిమేషన్‌గా మలిచింది. 1973 సెప్టెంబరు 8 నుంచి 1974 అక్టోబరు 12 వరకు ఎన్.బి.సి.లో 22 భాగాలు వెలువడ్డాయి. ఒకసారి గీసిన బొమ్మలను పదేపదే వాడటం, ముఖాన్ని నిశ్చలంగా ఉంచి పెదవులను మాత్రం కదిలించడం ఆ సంస్థ అనుసరించిన పరిమిత యానిమేషన్ లక్షణాలు. నాట్యశాస్త్రం చెప్పిన చతుర్విధాభినయాల దృష్టితో చూస్తే, ఇక్కడ ఆంగికం చాలా స్వల్పం. ఆహార్యం చిత్రకారుని అధీనం. అందువల్ల సాత్త్వికభారాన్ని సైతం వాచికమే మోయవలసి వచ్చింది.

2. పునరావృత సంగీతం:
ఈ ధారావాహికకు సంగీతం కూర్చినవాడు రే ఎల్లిస్. బిల్లీ హాలిడే 1958 నాటి ‘లేడీ ఇన్ శాటిన్’ ఆల్బమ్‌కు వాద్యసమ్మేళనం చేసినవాడూ ఇతడే. తెరపై మాత్రం ఇవెట్ బ్లే, జెఫ్ మైకేల్ అనే మారుపేర్లు కనిపిస్తాయి. రెండవది నిర్మాత నార్మ్ ప్రెస్కాట్‌ది. పాత ధారావాహికకు అలెగ్జాండర్ కరేజ్ కూర్చిన ప్రారంభగీతిని వాడకుండా, దాని ధోరణిని తలపించే కొత్త బాణీని కట్టారు. ప్రతి భాగానికీ ప్రత్యేకంగా సంగీతం కూర్చే బదులు, ముందే సిద్ధం చేసిన సంగీతఖండికలను సందర్భాన్ని బట్టి అతికించారు.

ఈ పునరావృత్తి వల్ల ఒక లాభం ఉంది. కొన్ని భాగాలు చూసిన ప్రేక్షకుడు ప్రమాదం తెరపైకి రాకముందే బాణీతో దానిని గుర్తుపడతాడు. లోపమూ ఉంది. చిన్న చిక్కుకూ, ప్రాణాపాయానికీ ఒకే ఖండిక వినిపించినప్పుడు వాటి మధ్య తారతమ్యం చెరిగిపోతుంది.

3. ఒకే గొంతు – అనేక పాత్రలు:
స్కాటీ పాత్రధారి జేమ్స్ డూహన్, మూడు చేతుల నావికుడు ఏరెక్స్‌తో పాటు డజన్లకొద్దీ అతిథిపాత్రలకు గొంతునిచ్చాడు. నర్సు చాపెల్, మార్జాలముఖి మ్‌రెస్, ఓడలోని కంప్యూటర్ – ఈ మూడూ మేజెల్ బ్యారెట్ గొంతులే. ఇది నైపుణ్యమూ, పొదుపూ కూడా.

డి.సి. ఫాంటానా రచించిన ‘యెస్టర్‌ఇయర్’ భాగంలో గతకాలంలోకి వెళ్లిన స్పాక్, బాలుడైన తననే కలుసుకుంటాడు. పెద్ద స్పాక్‌కు లెనార్డ్ నిమోయ్, చిన్న స్పాక్‌కు ఒక బాలనటుడు గొంతునిచ్చారు. భరతుడు కాకువును సాకాంక్షం, నిరాకాంక్షమని విభజించాడు. పెద్దవాని పలుకు నిరాకాంక్షం. వాక్యం ముగిసిన చోటే భావమూ ముగుస్తుంది. తండ్రి తెగకూ తల్లి తెగకూ మధ్య నలిగే బాలుని పలుకు సాకాంక్షం. ఇంకా ఏదో మిగిలే ఉంటుంది. గాయపడిన పెంపుడు జంతువును బాధనుంచి విడిపించడానికి మరణాన్నే ఎంచుకోవలసిన ఘట్టంలో ఈ భేదమే శోకాన్ని పలికిస్తుంది. రెండు గొంతులూ ఒక్కరివే అయివుంటే ఈ ఎడం ఇంత సహజంగా వినిపించేది కాదు.

4. గొంతు ఎవరిది?
ఖర్చు తగ్గించే ప్రయత్నంలో సులు, ఉహురా పాత్రలకు కూడా డూహన్, బ్యారెట్‌ల చేతనే చెప్పించాలని మొదట భావించారు. జార్జ్ టకే, నిషెల్ నికోల్స్‌లను తీసుకోకపోతే తాను పాల్గొననని నిమోయ్ పట్టుబట్టాడు. భవిష్యత్తులో అన్ని జాతులవారూ సమానంగా పనిచేస్తారన్న కథావిశ్వాసానికి ఆ ఇద్దరూ సాక్ష్యమన్నది అతని వాదం. వారిద్దరికీ చోటు దక్కింది. చెకోవ్ పాత్రధారి వాల్టర్ కేనిగ్‌కు మాత్రం దక్కలేదు. ‘ది ఇన్ఫినిట్ వల్కన్’ భాగాన్ని రచించిన అతని మాటలు ఇతరుల గొంతుల్లోనే వినిపించాయి.

నిమోయ్ పట్టుదల నైతికమైనదే కాదు, కళాపరంగానూ సమంజసమైనదని ‘ది లోరెలై సిగ్నల్’ నిరూపిస్తుంది. ఒక గ్రహం నుంచి వచ్చే సంకేతం పురుషులను మత్తులో ముంచగా, ఉహురా ఓడ నాయకత్వాన్ని చేపడుతుంది. ఇక్కడ మోహపెట్టేదీ ధ్వనే, రక్షించేదీ ధ్వనే. పాత ధారావాహికలో ప్రధానంగా సందేశాలు అందించిన నల్లజాతి స్త్రీ గొంతు ఇక్కడ ఆజ్ఞాపిస్తుంది. ఆ ఆజ్ఞను అనుకరణ గొంతు పలికివుంటే, కథ ఇచ్చిన అధికారాన్ని నిర్మాణపద్ధతి లాగేసుకున్నట్లయ్యేది.

5. ఉపసంహారం:
సంగీతఖండిక ఎన్నిసార్లు వినిపించినా తన పని చాలావరకు చేయగలదు. ఏరెక్స్ వంటి కల్పితజీవికి గొంతును కల్పించవచ్చునని డూహన్ ప్రతిభ చాటింది. కానీ ఉహురా వంటి పాత్ర గొంతుకు ఒక మనిషి, ఆ మనిషికి ఒక చరిత్ర ఉన్నాయి. బొమ్మ గీసినంత మాత్రాన ఆ మనిషి అనవసరం కాదు. గాత్రనటనను చిత్రానికి అనుబంధంగా కాక, పాత్రకు మూలంగా పరిగణించి అధ్యయనం చేయవలసిన అవసరాన్ని ఈ ధారావాహిక స్పష్టం చేస్తున్నది.