ఎక్స్-రే నీడ రక్తప్రవాహమును కొలవగలదా?

రాంట్‌జెన్ తన కిరణములను ప్రకటించిన కొద్ది వారములకే, 1896 జనవరిలో, వియన్నాలో హాషెక్, లిండెన్‌థాల్ అనే ఇద్దరు ఖండించిన ఒక చేతి రక్తనాళములలోకి సుద్ద కలిపిన మిశ్రమమును ఎక్కించి ఎక్స్-రే చిత్రము తీశారు. నాళములు కొమ్మలు రెమ్మలతో సహా చక్కగా కనబడినవి. కాని వాటిలో ప్రవాహము మాత్రము లేదు! నాళము కనబడుట వేరు, అందులో రక్తము పారుట వేరు అని ఆ తొలి చిత్రమే చెప్పినది. నేటి పద్ధతులను ఈ దృష్టితోనే పరిశీలించవలెను.

బ్రతికియున్న మనిషి మెదడు ధమనులను 1927లో లిస్బన్‌లో ఈగస్ మోనిజ్ చిత్రించాడు. తరువాత వరుసగా ఎన్నో ఫ్రేములు తీయగల యంత్రములు వచ్చినవి. అయొడిను పరమాణు సంఖ్య 53. అది ఎక్స్-రే కిరణములను బాగా అడ్డుకొనును. అయొడిను గల మందును ధమనిలోకి ఎక్కిస్తే, దాని నీడ ముందుకు సాగుట తెరపై కనబడును. రైలు రెండు స్టేషన్ల మధ్య నడిచిన కాలమును బట్టి వేగము కట్టినట్లే ఇక్కడను కట్టవచ్చును గదా!

గుండెకు రక్తమిచ్చే కరోనరీ ధమనులలో ప్రవాహమును 1985 నుండి టిమి పద్ధతిలో కంటితో చూచి 0 నుండి 3 వరకు తరగతులుగా విభజించేవారు. 1996లో గిబ్సన్, ఆయన సహచరులు దీనిని అంకెలలోకి తెచ్చారు. మందు ధమని చివరనున్న గుర్తును చేరుటకు ఎన్ని ఫ్రేములు పట్టినవో లెక్కించుటే ఆ పద్ధతి. సెకండుకు 30 ఫ్రేముల చొప్పున, ఆరోగ్యవంతమైన ఎడమ ముందు ధమనికి సుమారు 36 ఫ్రేములు పట్టును. అది మిగిలిన రెండిటికంటె పొడవైనది కనుక 1.7చే భాగిస్తే 21 వచ్చును. కంటి అంచనా స్థానములో అంకెను నిలుపుట నిజముగా మెచ్చదగిన పని.

అయితే ఈ అంకె కాలమును చెప్పును గాని, ప్రవాహమును చెప్పదు. ఎక్స్-రే నీడలో వాలుగా ఉన్న నాళము పొట్టిగా కనబడును. పొడవు తప్పితే వేగమును తప్పును. సెకండుకు 15 ఫ్రేములు తీసే యంత్రములో అంకెను రెట్టించకపోతే జబ్బు ధమని కూడ ఆరోగ్యముగా తోచును.

వేగము సరిగా తెలిసినను చిక్కు తీరదు. మందు 0.4 సెకండులో 6 సెంటీమీటర్లు సాగినదనుకొందాము. వేగము సెకండుకు 15 సెంటీమీటర్లు. నాళము వ్యాసము 3 మిల్లీమీటర్లయితే ప్రవాహము నిమిషమునకు 64 ఘన సెంటీమీటర్లు. అదే వ్యాసమును 3.3గా చదివితే 77 అగును! వ్యాసములో పదవవంతు పొరపాటు ప్రవాహములో అయిదవవంతు పొరపాటైనది. పైగా పంటకాలువ నడుమ వేసిన ఆకు గట్టు ప్రక్కన వేసిన ఆకుకంటె ముందు పోవును. మందు కొన కూడ అటువంటిదే. నునుపైన స్థిరప్రవాహములో నడిమి వేగము సగటు వేగమునకు రెట్టింపు. ఇక మందు ఎక్కించే ఒత్తిడియే ప్రవాహమును కొంత మార్చును.

ఇది కేవలము లెక్కల తగాదా కాదు. ఏ ధమనికి స్టెంటు వేయవలెనో తేల్చుటకు ఇప్పుడీ నీడలనే వాడుచున్నారు. క్యు.ఎఫ్.ఆర్. అనే పద్ధతిలో నాళము ఆకారమును, ఫ్రేముల లెక్కను కలిపి, ఇరుకు దాటిన తరువాత పీడనమెంత తగ్గునో గణితముతో కట్టుదురు. 2021లో ప్రకటించిన చైనా పరీక్షలో, ఒక సంవత్సరములోపల మరణము, గుండెపోటు, మరల చికిత్స వంటి ఆపదలు దీనిని అనుసరించినవారిలో 5.8 శాతము, కంటి అంచనాతో చికిత్స పొందినవారిలో 8.8 శాతము. కాని 2024లో వెలువడిన యూరపు పరీక్షలో, పీడనమును తీగతో నేరుగా కొలిచినవారిలో ఇట్టి ఆపదలు 4.2 శాతము కాగా, దీనిని అనుసరించినవారిలో 6.7 శాతము.

కాబట్టి తీర్పు స్పష్టము. నీడ లెక్క కంటి అంచనాకంటె మేలు, నేరు కొలతకు సాటి కాదు. ఒకే ధమనిని, ఒకే యంత్రముపై, చికిత్సకు ముందు, తరువాత పోల్చుటకు ఫ్రేముల లెక్క తగిన సాధనము. దానికి “ప్రవాహము” అని పేరు పెట్టుట మాత్రము తగదు. విద్యార్థులు ఏ కొలతను చూచినను రెండు ప్రశ్నలు వేయుట అలవరచుకొనవలెను: ఇందులో కొలిచినదేది? ఊహించినదేది?