నీతికి ఒరగల్లు: ‘కన్యాశుల్కము’పై ఒక విమర్శ

ధర్మము దైవాజ్ఞచే ధర్మమగునా, లోకము మెచ్చుటచే ధర్మమగునా అనునది ప్రాచీనమైన ప్రశ్న. 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో విస్తరింపబడిన గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ ఈ ప్రశ్నను వాదముగా గాక కథగా విచారించినది.

కూఁతునకు శుల్కము గొనరాదని మనుస్మృతి తండ్రిని నిషేధించినది. అయినను వేదము చదివిన అగ్నిహోత్రావధానులు బుచ్చమ్మ నమ్మి, ఆమె వితంతువైన పిమ్మటను సుబ్బి నమ్మఁబూనెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వితంతు వివాహము జరిపించిన వీరేశలింగము పంతులుగారు పరాశరస్మృతిని చూపిరి; ప్రతిపక్షులును శాస్త్రములనే చూపిరి. ఒకే గ్రంథరాశి నుండి రెండు తీర్పులు వెలువడినపుడు, వానిలో నొకదాని నెంచునది గ్రంథము గాదు, చదువరి వివేకము.

అట్లని నీతి కేవలము లోకాభిప్రాయ మనరాదు. అట్లయినచో అగ్రహారము సమ్మతించిన కన్యావిక్రయము ధర్మమే కావలెను. దానిని ఖండించిన గురజాడవారే అధర్మపరులు కావలెను. క్రొత్త అభిప్రాయమును వల్లించు గిరీశమునకో, సంస్కరణము స్వార్థమునకు ముసుఁగు మాత్రమే.

సుబ్బిని తప్పించుటకు తోడ్పడినది శాస్త్రమును లోకమును గౌరవింపని వేశ్య మధురవాణి. అందులకు పన్నిన మోసముచే లుబ్ధావధానులు హత్యానేరమునఁ జిక్కఁగా, అతని విడిపించుటకును ఆమెయే పూనుకొనెను. పసిపిల్లకు, ఆ పిల్లను కొనఁజూచిన ముసలివానికి ఒకే కొలత! బాధపడువాఁ డెవఁడైనను వాని పక్షమున నిలిచి చూచు ఆ కొలతయే ఆజ్ఞకును, అభిప్రాయమునకును ఒరగల్లు.