సోడియముపై రెండు వెలుగులు

తెలకపల్లి వంటి ఊళ్ల ఉన్నత పాఠశాలలలో వర్ణపటమనగానే ఉప్పు ప్రయోగము జ్ఞాపకమునకు వచ్చును. స్పిరిటు దీపపు మంటలో చిటికెడు ఉప్పు చల్లినచో మంట పసుపుపచ్చనగును. అది సోడియము గుర్తని చెప్పి పాఠము ముగింతురు. చెప్పినది తప్పు కాదు. కాని ప్రతి మూలకమునకు మారని ముద్ర యొకటి కలదనియు, దానిని చదువుటయే వర్ణపట శాస్త్రమనియు విద్యార్థి మనస్సున నాటుకొనును. ఆచార్య రంగధామరావుగారు వాల్తేరులో ఈ శాస్త్ర పరిశోధనను పెంపొందించిన తెలుగునాట ఇంతటితో సరిపెట్టుకొనుట న్యాయము కాదు.

లేజరును, సింక్రోట్రానును గూర్చిన వ్యాసములందు మరియొక లోపము కనబడును. ఏది గొప్పది అని వానిని పోటీకి నిలుపుదురు. లేజరు ఇంచుమించు ఒకే తరంగదైర్ఘ్యముగల కాంతి నిచ్చును. సింక్రోట్రానులో కాంతివేగమునకు చేరువగా వంపు తిరుగు ఎలక్ట్రానులు వెదజల్లు వెలుగు పరారుణము మొదలు ఎక్స్‌-కిరణముల వరకు వ్యాపించును. ఒకదాని పని రెండవది చేయజాలదు, కలిపిననే ప్రయోజనము.

1980 దశకపు తొలినాళ్లలో ఫ్రాన్సులోని ఓర్సేలో సోడియము ఆవిరిపై రెంటిని కలిపి ప్రసరింపజేసిరి. 589 నానోమీటర్ల లేజరు కాంతి వెలుపలి ఎలక్ట్రానును 3ఎస్ నుండి 3పి స్థితికి ఎక్కించును. మంటలోని పసుపు ఆ మెట్టు దిగు ఎలక్ట్రానులదే! ఎక్కుటకు 2.1 ఎలక్ట్రాను వోల్టులు చాలును. లోపలి 2పి ఎలక్ట్రానును పెరుకుటకు సుమారు 38 కావలెను. అది సింక్రోట్రాను పని. పై ఎలక్ట్రాను చోటు మారగనే లోపలిది వెడలు తీరును మారును. అనగా ముద్ర మూలకమునకే కాక, ఆ క్షణమున పరమాణువున్న స్థితికిని చెందినది. అయితే ఎక్కిన ఎలక్ట్రాను సగటున 16 నానోసెకండ్లలో దిగివచ్చును; ఎక్కని పరమాణువులును ఆవిరిలో ఉండనే యుండును. వాని వంతును తీసివేయక ఫలితమును చదువరాదు. ఈ తీసివేతను చెప్పక ప్రయోగమును పొగడు వ్యాసము సగము వ్యాసమే.

వేగమును గూర్చిన పొగడ్తలకును ఇట్టి జాగ్రత్త అవసరము. సింక్రోట్రాను వెలుగు తునక సాధారణముగ పదులకొలది పికోసెకండ్లు నిలుచును. 2000లో బర్కిలీలో లేజరు సహాయముతో ఎలక్ట్రానుల గుంపునుండి సన్నని ముక్కను వేరుచేసి, సుమారు 300 ఫెమ్టోసెకండ్ల వెలుగును పొందిరి. ఘనకార్యమే. కాని గుంపులో స్వల్పభాగమే పనికి వచ్చుటచే వెలుగును అంతకంతకు తగ్గినది.